ఇస్నాపూర్ చౌరస్తల యాంటిగొని

చచ్చిపోయిన మనిషి ఎవరికి చెందుతడు? కన్నోళ్లకా, తోడబుట్టినోళ్లకా, లేకుంటె సర్కార్‌కా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకొని నడిచే నాటకం ఒకటున్నది. ఏథెన్సు పట్నంల సొఫొక్లీజ్ అనేటాయన క్రీస్తుకు సుమారు 440 ఏండ్ల ముందు రాసిండు. దాని పేరు ‘యాంటిగొని’. రాజుల కథ గదా, మనకేం సంబంధం అనుకోకుండ్రి. ముందుగాల కథ ఇనుండ్రి.

థీబ్స్ రాజ్యంల ఇద్దరన్నదమ్ములు గద్దె కోసం కొట్లాడుకొని ఒకరి చేతుల ఒకరు చస్తరు. గద్దె మీదికి వాళ్ల మేనమామ క్రెయాన్ వస్తడు. రాంగనే ఫర్మానా తీస్తడు. రాజ్యం దిక్కు నిలబడి సచ్చినోనికి మర్యాదతోని అంత్యక్రియలు. పరాయి ఫౌజును తోల్కొచ్చిన పోలినైసీజ్‌కు మాత్రం ఏమీ లేదు, పీనుగను కుక్కలకు గద్దలకు ఇడిచిపెట్టాలె, ముట్టినోళ్లకు మరణశిక్ష. చెల్లె యాంటిగొని ఆ ఫర్మానాను లెక్కచెయ్యది. ఎవ్వరూ చూడని యాళ్ల పోయి అన్న పీనుగ మీద మన్ను చల్లి వస్తది. కావలోళ్లు ఆ మన్నును ఊడ్చేస్తరు. పట్టపగలు పోయి మళ్ల చల్లుతది, దొరుకుతది. రాజులు పుట్టకముందు నుంచి ఉన్న ధర్మం ఒకటున్నది, దాని ముందట నీ ఫర్మానా ఎంత అని మామ ముందటనే వాదిస్తది.

క్రెయాన్ కొడుకు హేమన్‌కు ఆమెను ఇచ్చి చెయ్యాలని మాటయి ఉంటది. మన దిక్కు మేనరికం లెక్క. కొడుకు బతిమిలాడినా తండ్రి ఇనడు. ఆమెను బతికుండంగనే గుహల పెట్టి మూసేపిస్తడు. ఆమె ఉరిపెట్టుకుంటది. మేనబావ కత్తితోని పొడుచుకుంటడు. ఆ వార్త ఇని క్రెయాన్ భార్య పానం తీసుకుంటది. క్రెయాన్‌కు తెలివి వచ్చేసరికి ఇంట్ల మనిషి మిగలడు.

ఈ కథను సినిమా తియ్యాలంటె కోటలు అవసరం లేదు, గుర్రాలు అవసరం లేదు, కోట్ల రూపాయల సెట్టు అసలే అవసరం లేదు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే సడక్ మీద ఇస్నాపూర్ చౌరస్త కాడ దిగి పాశమైలారం దిక్కు తిరిగితె సాలు. ఇది మేం జోకుకు అంటలేం.

2025 జూన్ 30 నాడు పొద్దున పాశమైలారం పారిశ్రామికవాడల సిగాచి కంపెనీల పేలుడు జరిగింది. మందు గోలీల్ల కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడి తయారుచేసే కంపెనీ అది. మూడంతస్తుల బిల్డింగు కుప్పకూలింది. సచ్చిపోయినోళ్లు 46 మంది అని తేలింది. ఇంకో 8 మంది ఆనవాలు దొరకలేదు. అందరు కలిసి 54 మంది. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినోళ్లు, మన రాష్ట్రపోళ్లు, ఆంధ్రోళ్లు అందరున్నరు అండ్ల. పీనుగలు గుర్తుపట్టరాకుండ కాలిపోయినయి. డీఎన్ఏ కోసం చుట్టాల నెత్తురు తీసుకున్నరు. పటాన్‌చెరు ఏరియా దవాఖాన మార్చురీ కాడ, కంపెనీ గేటు కాడ ఆడోళ్లు, ముసలోళ్లు రోజుల తరబడి ఎదురుచూసిన్రు. ఎనిమిది మంది ఇంటోళ్లకు ఆఖరికి అధికారులు చెప్పిందేందంటె, వాళ్లు ఇక దొరికే ఆశ లేదు, కాలి బూడిదై ఉంటరు, మీరు ఊర్లకు పోండ్రి అని. ఒక్కో కుటుంబానికి కోటి రూపాయలిస్తమని కంపెనీ ప్రకటించింది. కోటి రూపాయల ముచ్చట పేపర్ల మొదటి పేజీల వచ్చింది. బొక్కలు దొరకని ఎనిమిది మంది ముచ్చట రెండు రోజుల్ల లోపలి పేజీకి పోయింది.

ఇగో, ఇది యాంటిగొని ప్రశ్ననే. చేతుల పీనుగ లేకుండ సావును ఎట్ల నమ్మాలె? దేన్ని బొంద పెట్టాలె, ఏ కాష్టానికి నిప్పు పెట్టాలె, దినాలు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలె?

ఇక్కడ మేం న్యాయంగ మాట్లాడాలె. క్రెయాన్ వద్దన్నడు. పాశమైలారంల సర్కార్ ఒద్దనలేదు, ఇయ్యలేకపోయింది. డీఎన్ఏ కలవకుండ ఒకరి పీనుగ ఇంకొకరికి ఇస్తె అది ఇంకో పాపం. పరీక్షకు టైం పడుతది, ఆ టైం తీసుకున్నందుకు డాక్టర్లను తిట్టుడు తప్పు. అయితె గేటు ముందట నిలబడ్డ తల్లికి ‘ఒద్దు’ అన్న మాటకూ ‘లేదు’ అన్న మాటకూ ఫరక్ ఎంత? పైకెళ్లి చట్టం ఒకటున్నది. మనిషి కనపడకుండ పోతె చచ్చిపోయినట్టు అనుకోవాలంటె ఏడేండ్లు ఆగాలె అని 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ల రాసిపెట్టిన్రు. ఇప్పుడు వచ్చిన కొత్త సాక్ష్య చట్టంల గూడ ఆ ఏడేండ్ల మాట అట్లనే ఉన్నది. సర్కార్ ప్రత్యేకంగ పూనుకుంటె తప్ప పీనుగ లేని సావుకు కాయితం పుట్టది. కాయితం పుట్టకపోతె పైసలు రావు, పెన్షన్ రాదు, పెండ్లాం ముండమోపో కాదో ఆమెకే తెల్వది. సొఫొక్లీజ్ క్రెయాన్ ఒక మనిషి, ఎదురుంగ నిలబడి తిట్టొచ్చు. మన కాలం క్రెయాన్ ఒక ఫైలు. దాన్ని ఎదురుంగ నిలబడి ఎట్ల తిడ్తం?

ఈ నాటకాన్ని చిన్న బడ్జెట్‌ల, ఈ కాలం కథ చేసి తీసినోళ్లు లేక కాదు. కెనడా దేశంల క్యుబెక్ రాష్ట్రపు డైరెక్టర్ సోఫీ దెరాస్ప్ 2019ల ఫ్రెంచి భాషల ‘ఆంటిగొన్’ తీసింది. కెమెరా గూడ ఆమెనే పట్టింది. ఆ యేడు టొరంటో ఫిల్మ్ ఫెస్టివల్ల ఉత్తమ కెనడా సినిమా అన్నరు, ఆస్కార్‌కు కెనడా దిక్కు నుంచి పంపిన్రు. పెద్ద స్టార్లు లేరు. యాంటిగొని ఏషం కట్టిన నహేమా రిచ్చి అప్పటికి జనానికి తెల్వని పిల్ల.

కథకు మూలం మాంట్రియల్ పట్నంల జరిగిన ఒక సంగతి. 2008 ఆగస్టుల పార్కుల పోలీసు కాల్పులకు 18 ఏండ్ల ఫ్రెడ్డీ విలనువేవా బలైండు. హోండురస్ నుంచి బతకనీకి వచ్చిన కుటుంబం. చేతుల ఆయుధం లేదు. తర్వాత అతని అన్నను దేశం నుంచి ఎల్లగొట్టనీకి సర్కార్ కేసు నడిపింది. ఒక కొడుకును కాల్చి సంపి, ఇంకో కొడుకును తోలేసుడన్నట్టు. దెరాస్ప్ ఈ ముచ్చటల సొఫొక్లీజ్‌ను చూసింది. ఆమె సినిమాల కుటుంబం అల్జీరియా నుంచి వచ్చింది. ఒక అన్న పోలీసు గుండుకు పోతడు, ఇంకో అన్న జైల్ల పడుతడు, దేశం బయటికి పంపుతరన్న భయం. యాంటిగొని జుట్టు కత్తిరించుకొని, ములాఖత్‌కు పోయి, అన్న బట్టలు తనేసుకొని తన బట్టలు అన్నకిచ్చి, అతన్ని బయటికి పంపి జైల్ల తను కూసుంటది. కోర్టుల నిలబడి, చట్టం ఏమన్నా నా మనసు ఇదే చెప్పింది అంటది.

నాటకంల కోరస్ అంటె థీబ్స్ ముసలోళ్లు, మన యక్షగానంల వంతపాట లెక్క కథకు మాట కలుపుతరు. ఆ కోరస్‌ను దెరాస్ప్ సెల్‌ఫోన్ల వీడియోలు, సోషల్ మీడియా అరుపులు చేసింది. నిజంగ బాగున్నది ఆ ఆలోచన. ఇయ్యాల ఊరి పెద్దమనుషులు వాట్సాప్‌లనే గదా ఉన్నరు.

అంత మంచి సినిమాకు మా తరఫున ఒక తకరారున్నది. ఆమె పీనుగను తీసేసింది. నాటకానికి పానం పోసిందే పీనుగ. ఎండల కుళ్లుతున్న అన్న దేహం, దాని మీద చెల్లె చల్లిన మన్ను, ఈ రెండు లేకుంటె యాంటిగొని ధైర్యంగల పిల్ల అయితది గని, యాంటిగొని కాదు. జైలు నుంచి అన్నను తప్పించుడు బతికున్నోని కోసం చేసే పని. ఒక లాభం కోసం చేసే పని. సచ్చినోని మీద మన్ను చల్లుడుల ఏ లాభమూ లేదు, అందుకే క్రెయాన్‌కు అది అంత భయం పుట్టిస్తది. దెరాస్ప్‌ను తప్పు పడ్తలేం. మాంట్రియల్‌ల సర్కార్ పీనుగను అట్టిపెట్టుకునుడు ఉండకపోవచ్చు, అందుకని పీనుగ జాగల వీసాను పెట్టుకున్నది. ఇస్నాపూర్ల ఆ కష్టం లేదు. నాటకంల ఏ ఒక్క వస్తువునూ మార్చే పని లేదు.

ఇటలీ డైరెక్టర్ లిలియానా కవానీ 1970ల ‘నరమాంస భక్షకులు’ అనే అర్థం వచ్చే పేరుతోని ఇదే నాటకాన్ని తీసింది. అండ్ల మిలాన్ పట్నం సడకుల మీద తిరుగుబాటు చేసినోళ్ల పీనుగలు పడి ఉంటయి, ముట్టొద్దని సర్కార్ ఫర్మానా, జనం వాటిని దాటుకుంట ఆఫీసులకు పోతుంటరు. ఆమె పీనుగలను ఉంచింది గని, అది ఊహల పట్నం. దక్షిణాఫ్రిక ముచ్చట ఇంక వేరు. రాబెన్ ద్వీపం జైల్ల ఖైదీలు ఈ నాటకం వేసుకున్నరు. నెల్సన్ మండేలా అండ్ల క్రెయాన్ ఏషం కట్టిండు, తన ఆత్మకథల రాసుకున్నడు. దొర ఏషం కట్టుడంటె దొర బుద్ధిని లోపలికెళ్లి చూసుడు. 1973ల అథోల్ ఫ్యూగార్డ్, జాన్ కాని, విన్‌స్టన్ ఎన్‌షోనా కలిసి ‘ది ఐలాండ్’ నాటకం చేసిన్రు. జైల్ల ఇద్దరు ఖైదీలు యాంటిగొని రిహార్సల్ చేసుకునుడే ఆ నాటకం. రెండు మనుషులు, ఒక గది. ఖర్చు ఎంతయి ఉంటదో లెక్కగట్టుకోండ్రి.

మరి మన తెలుగు సినిమా ఏం చేసింది? విషాదంతోని ముగిసే నాటకం మన రంగస్థలానికి కొత్త కాదు. బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’ రాసి, నాటకం మంగళంతోనే ముగియాలన్న సంస్కృత కట్టుబాటును ఎప్పుడో తెంచిండు. సినిమా మాత్రం భయపడుకుంటనే వచ్చింది. షేక్స్‌పియర్ ‘కింగ్ లియర్’ నుంచి 1949ల కె.వి.రెడ్డి ‘గుణసుందరి కథ’ చేసిండు. సినిమా సక్కగున్నది, ఇప్పుడు చూసినా బోరు కొట్టది. అయితె లియర్ ఏడ్పును జానపదం చేసి, నవ్వించి, సుఖంగ ఇంటికి పంపిన్రు. 2023 ఉగాదికి కృష్ణవంశీ ‘రంగమార్తాండ’ వచ్చింది. మరాఠీ కవి కుసుమాగ్రజ్ 1970ల రాసిన ‘నటసమ్రాట్’ నాటకం దానికి మూలం, అండ్ల గూడ లియర్ నీడనే ఉంటది. ప్రకాష్‌రాజ్, బ్రహ్మానందం చేసిన దవాఖాన సీను చూసి మా గల్లీల గట్టి గుండె గలోళ్లు గూడ కండ్లు తుడుసుకున్నరు. కని అది ఇంటి గోస. ఆస్తి పంచిచ్చిన తండ్రి, కానని పిల్లలు. కొడుకులు మారితె కథ తీరిపోతది. యాంటిగొని గోస అట్ల తీరది. అక్కడ ఎవ్వరు మారినా చట్టం మారాలె. మన సినిమాకు తండ్రి కన్నీళ్లంటె ఇష్టం, చట్టంతోని పంచాయితి అంటె జ్వరం.

ఒక్క సినిమా మినహాయింపు ఉన్నది, దాన్ని బెంగాల్ నుంచి వచ్చినాయన తీసిండు. 1977ల మృణాల్ సేన్ తీసిన ‘ఒక ఊరి కథ’. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ దానికి మూలం. కఫన్ అంటె పీనుగ మీద కప్పే గుడ్డ. ఇంట్ల ఆడపిల్ల కాన్పుల సచ్చిపోతది, తండ్రీ కొడుకులు గుడ్డకు పైసలు అడుక్కుంటరు. నాటకం కాదు, కథ. రాజుల ముచ్చట కాదు, తినడానికి తిండి లేనోళ్ల ముచ్చట. కని సొఫొక్లీజ్ ప్రశ్ననే తలకిందులుగ అడుగుతది: బతికుండంగ గుడ్డ ఇయ్యనోళ్లు సచ్చినంక గుడ్డ కప్పాలంటరేంది అని. తెలుగు సినిమాల పీనుగ గురించి అంత నిజాయితీగ మాట్లాడింది మాకు ఇంకోటి కనపడలే. వాసుదేవరావు, మమతా శంకర్ పేర్లు ఇయ్యాల మన పిల్లలకు ఎంతమందికి తెలుసు?

పైసలు లేవంటరు. 1980 మార్చి 23న రిలీజైన ‘మాభూమి’ ముచ్చట మెదక్ జిల్లావాళ్లం మేమే చెప్పాలె. మన జిల్లా ప్రజ్ఞాపూర్ మనిషి బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు, గౌతం ఘోష్ డైరెక్టర్, షూటింగ్ మన మంగళపర్తి ఊర్ల. కిషన్ చందర్ ఉర్దూ నవల మూలం. అయిదారు లక్షల్ల సినిమా పూర్తయింది. హైదరాబాద్‌ల మార్నింగ్ షోగ నెలల తరబడి ఆడింది. అప్పటి లక్షలకు ఇప్పటి విలువ కట్టుకున్నా పెద్ద సినిమాల ఒక్క పాట ఖర్చు కాదు. ఇయ్యాల సాధనం అంతకన్న అగ్గువకు దొరుకుతది. అమెరికాల షాన్ బేకర్ 2015ల ‘టాంజరీన్’ సినిమాను ఐఫోన్లతోని తీసిండు. కేరళోళ్లు 2021ల ‘జోజి’ల మాక్‌బెత్‌ను తెచ్చి రబ్బరు తోటల కూసోబెట్టిన్రు. షేక్స్‌పియర్‌కు రబ్బరు తోట సరిపోతె, సొఫొక్లీజ్‌కు కెమికల్ కంపెనీ ఎందుకు సరిపోది?

తెలంగాణల యాంటిగొనిలు కొత్తగ పుట్టేది లేదు, ఎప్పటి నుంచో ఉన్నరు. ఎన్‌కౌంటర్ల కాలంల ‘గుర్తుతెలియని శవం’ అని రాసుకొని పోలీసోళ్లే దహనం చేసేటోళ్లు. కొడుకు పేరు పేపర్ల చూసి తల్లి బస్సెక్కి వచ్చేసరికి బూడిద మిగిలేది. ఊర్లెకు పీనుగ వస్తె జనం జమైతరు, జనం జమైతె పాటలు పాడుతరు, పాటలు పాడితె ఇంకో పది మంది తయారైతరు. క్రెయాన్ లెక్క గూడ ఇదే. 1990ల ఆఖరుకు గద్దర్ ముందుండి పీనుగలను ఇంటోళ్లకు ఇప్పిచ్చే పోరాటం నడిపిండు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగినయి, ఒక తూటా పెయిల మిగిలే ఉండె. 2002ల అమరుల బంధుమిత్రుల సంఘం పుట్టింది. అడవుల్లకు, మార్చురీలకు తిరిగి, కుళ్లిన దేహాలను మోసుకొచ్చి తల్లుల చేతుల పెట్టుడే వాళ్ల పని. ఆ రాజకీయాలతోని ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా, కొడుకు పీనుగ తల్లికి దక్కాలన్న మాట కాడ గొడవ ఏముంటది? మా తరం 2009 డిసెంబర్‌ల సడక్ మీదికి వచ్చిన తరం. డిసెంబర్ 3న శ్రీకాంతాచారి పోయినంక ఏ అమరుని అంతిమయాత్ర ఏ తొవ్వల పోవాలె, ఏ చౌరస్త కాడ ఆగొద్దు అని పోలీసులు గీతలు గీసుడు మేం కండ్లతోని చూసినం. సచ్చినోడు బతికున్నోని కన్న ప్రమాదం అని రాజ్యానికి తెలిసినంతగ సినిమావోళ్లకు తెల్వది.

2025 జూన్ 14న హైటెక్స్‌ల రాష్ట్ర సర్కార్ మొదటిసారి గద్దర్ సినిమా అవార్డులు ఇచ్చింది. అవార్డుకు గద్దర్ పేరు పెట్టుడు మాకు సంతోషమే. 2024 సంవత్సరానికి మొదటి ఉత్తమ చిత్రం ‘కల్కి 2898 ఏడీ’ అన్నరు. వందల కోట్ల సినిమా. పీనుగలను భుజాన మోసుకొచ్చిన మనిషి పేరు మీద ఇచ్చే బహుమతి ఎనిమిది వందల ఏండ్ల తర్వాతి లోకం గురించి తీసిన సినిమాకు పోయింది. సరిగ్గ పదహారు రోజులకు పాశమైలారంల బిల్డింగు కూలింది. సర్కార్ ఒక్క అవార్డు అట్లనే ఉంచుకొని, దాని సొమ్ముల ఒక వంతు పెట్టి ఏడాదికి రెండు చిన్న సినిమాలకు ముందుగాలనే పెట్టుబడి ఇస్తె ఏం పోతది? తీసినంక శాలువ కప్పుడు అలకగ అయ్యే పని. తియ్యకముందు పైస ఇచ్చుడే అసలు పని.

మరి ఇస్నాపూర్ల ఈ సినిమా తీస్తె ఎట్లుండాలె? మాకున్న ఊహ చెప్తం, తీసేటోళ్లు మార్చుకోవచ్చు.

యాంటిగొని తెలుగు పిల్ల కావొద్దు. ఒడిశా నుంచో బీహార్ నుంచో అన్న కోసం వచ్చిన చెల్లె కావాలె. మూడు రైళ్లు మారి, లింగంపల్లిల దిగి, బస్సుల ఇస్నాపూర్ చౌరస్తకు వచ్చిన పిల్ల. ఆమెకు తెలుగు రాదు. ఎదురుంగ కుర్చీల కూసున్నోళ్లకు ఆమె భాష రాదు. ప్రతి మాటా ఇంకొకరి నోట్లెకెళ్లి మారి రావాలె. సొఫొక్లీజ్ నాటకంల క్రెయాన్, యాంటిగొని ఒకే భాష మాట్లాడుకుంట గూడ ఒకరికొకరు అర్థం కారు. ఇక్కడ భాషనే రెండైతె ఆ గోస ఎంత సహజంగ వస్తదో చూడుండ్రి. సబ్‌టైటిళ్లు వేసుకోవాలె, జనం చదువుకుంటరు, భయం లేదు.

ఇస్మెనె ఎవరు? అక్కాచెల్లెండ్లల్ల భయపడే పిల్ల. పైసలు తీసుకొని ఊరికి పోదాం, ముసలి తల్లున్నది, అప్పులున్నయి అనే పిల్ల. ఆమెను పిరికిదాన్ని చేసి సూపిస్తె సినిమా ఖరాబైతది. ఆమె చెప్పేది గూడ నిజమే గదా. కోటి రూపాయలంటె ఆ ఊర్ల ఏడు తరాల అప్పు తీరుతది.

క్రెయాన్ మీద మాకు గట్టి పట్టుదల ఉన్నది. ఆయనను విలన్ చెయ్యొద్దు. మీసాలు, సిగరెట్, నవ్వు ఏదీ ఒద్దు. మూడు రోజుల నుంచి నిద్ర లేని ఒక ఆఫీసర్, లిస్టు చేతుల పట్టుకొని, తప్పు పీనుగ ఇస్తనేమో అని వణికేటోడు. పద్ధతి లేకుంటె ఆగమైతది అనే ఆయన వాదన మనకు సరైందే అనిపియ్యాలె. ఆ మంచితనంల నుంచే దారుణం పుట్టాలె. మండేలా ఎందుకు ఆ ఏషం కట్టిండో ఆ నటునికి డైరెక్టర్ చెప్పాలె.

కావలోని పాత్ర మీదనే మాకు అన్నిటికన్న ఆశ. మూల నాటకంల వార్త తెచ్చే ఆ కావలోడు నవ్వు పుట్టిస్తడు. పీనుగ మీద ఎవరో మన్ను చల్లిన్రని చెప్పనీకి వచ్చి, నేను చెయ్యలే, నేను చూడలే, చీట్లు ఎయ్యంగ నా పేరు వచ్చింది, అందుకే వచ్చిన అని నీళ్లు నములుతడు. అతనెవరో ఇస్నాపూర్ల ఎవ్వరినడిగినా చెప్తరు. టేకేదార్ కింద నెల జీతానికి పన్నెండు గంటల డ్యూటీ చేసే గేటు సెక్యూరిటీ. అతనికి లోపలేముంటదో తెల్వది, రిజిస్టర్ల సంతకం పెట్టించుకునుడు తెలుసు. లోపలికి ఎంతమంది పోయిన్రో, బయటికి ఎంతమంది వచ్చిన్రో చెప్పాల్సిన మనిషి అతనే. అతన్ని ఒక మంచి నటునికి అప్పజెప్తె సినిమా సగం గెలిచినట్టు.

ఇగ కోరస్. థీబ్స్ ముసలోళ్ల జాగల మన ఊరి పెద్దమనుషులు. 1970ల నుంచి పరిశ్రమలకు భూములు పోయినోళ్లు, పోంగ మిగిలిన జాగల రూములు కట్టి లేబర్‌కు కిరాయికిచ్చుకుంటున్నోళ్లు. నక్కవాగు నీళ్ల రంగు చూసి ఏ కంపెనీ ఏం వదిలిందో చెప్పగలిగినోళ్లు. వాళ్లకు సచ్చిపోయిన పిలగాడు తెలుసు, రూం నంబర్ తెలుసు, ఏ నెల కిరాయి బాకీనో తెలుసు. వాళ్లు ఆ పిల్ల మీద జాలి పడుతరు, చాయ్ పోస్తరు. కంపెనీ మూతపడితె రూములకు ఎవరొస్తరు అని గూడ అనుకుంటరు. కోరస్ అంటె అదే. మంచోళ్లే, గని రాజు ముందట మాట మార్చేటోళ్లు.

ఒక అడ్డం పెట్టే మాట వస్తది, మాకు తెలుసు. సచ్చినోళ్ల మీద సినిమా తీసి అవార్డులు తెచ్చుకుంటరా అని. ఆ మాటను కొట్టిపారెయ్యలేం. అందుకే సొఫొక్లీజ్ అక్కరకొస్తడు. ఏ ఒక్క కుటుంబం పేరునూ ముట్టుకోకుండ, ఏ తల్లి ఏడ్పు వీడియోనూ వాడుకోకుండ, రెండువేల నాలుగొందల ఏండ్ల పాత కథను నిలబెట్టి మాట్లాడొచ్చు. డాక్యుమెంటరీ అయితె ఆ తల్లిని మళ్ల గేటు ముందట నిలబెట్టి కెమెరా పెట్టాలె. నాటకమైతె ఆ బరువును నటి మోస్తది. అయితె షూటింగ్ మొదలు పెట్టకముందు పోయి ఆ కుటుంబాలకు కథ చెప్పాలె, వద్దంటె ఆగాలె. ఈ రెండోది చెయ్యలేనోళ్లు మొదటిది మొదలుపెట్టొద్దు.

థియేటర్ల ముచ్చట తర్వాత. ఈ సినిమా ముందుగాల చూడాల్సినోళ్లు ఇస్నాపూర్ల, ముత్తంగిల, రుద్రారంల రూముల్ల ఉన్నోళ్లు. వాళ్లకు సాయంత్రం ఆట పనికిరాదు. ‘మాభూమి’ని మార్నింగ్ షోకు ఏసినట్టే దీన్ని గూడ పొద్దుగాల తొమ్మిది, పది గంటలకు ఎయ్యాలె, నైట్ షిఫ్ట్ దిగినోళ్లు టిఫిన్ చేసి వచ్చి కూసునేటట్టు. తెర ఎక్కడనన్న కట్టొచ్చు. టికెట్ ధర ఒక్క చాయ్, ఒక్క బన్నుకు అయ్యేదానికన్న ఎక్కువ ఉండొద్దు.